గడ్డి మొలవని గీత

జపాన్ దేశంలో షియోజాకి అనే రేవుపట్నంలో ఉరాబె అనే బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. పదిమంది చూస్తుంటే కొండనైనా ఎక్కేవాడు, ఎవరూ చూడకపోతే గడప కూడా దాటేవాడు కాదు.

అతను ఆడే జట్టు పేరు నీలికొంగలు. నవ్వకండి. ఆ రేవులో పడవలకంటే కొంగలే ఎక్కువ, అందుకని ఆ పేరు పెట్టుకున్నారు. ఇక బేస్‌బాల్ అంటారా, మన క్రికెట్‌కి దాయాది వరస అనుకోండి. విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, బ్యాటు అక్కడే పారేసి, మొదటి బేస్ అనే తెల్లటి దిండు మీదికి పరుగెత్తాలి. వాడి కాలు దిండు మీద పడేలోపు బంతి అక్కడున్న ఫీల్డర్ చేతికి చేరితే వాడు అవుట్. వరసగా నాలుగు మూలలూ చుట్టి మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక పరుగు. ఉరాబె మైదానంలో కుడివైపు, గోడకు కాస్త ముందు నిలబడే ఫీల్డరు.

ఆ కుడివైపు గోడ వెనకాలే సొంత ఊరి అభిమానులు కూర్చుంటారు. అక్కడి పద్ధతి అది. ఊరికే కూర్చోరు కూడా. బాకాలు ఊదుతారు, డప్పులు కొడతారు, ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట కట్టి పాడతారు. ఉరాబె పాట అన్నిటికంటే హుషారుగా ఉండేది. అతను గాల్లోకి ఎగిరి బంతి పట్టాడంటే, పట్టి గోడవైపు తిరిగి టోపీ ఊపాడంటే, ఆ బాకాల మోత రేవు దాకా వినిపించేది. నిజం చెప్పాలంటే ఉరాబెకి ఆట కంటే ఆ మోతే ఇష్టం.

కుడివైపు ఫీల్డరుకి ఇంకొక పని కూడా ఉంది. బంతి బేస్‌ల దగ్గర నిలబడే లోపలి ఫీల్డర్ల చేతికి దొరికినప్పుడల్లా వాళ్ళు దాన్ని మొదటి బేస్‌కి విసురుతారు కదా. ఆ విసురు గురితప్పితే బంతి వెనక్కి దొర్లిపోతుంది. అందుకని కుడివైపు ఫీల్డరు ప్రతిసారీ మొదటి బేస్ వెనక్కి పరుగెత్తి, రాబోయే బంతికి అడ్డంగా నిలబడాలి. విసురు సరిగ్గా పడితే మళ్ళీ తన చోటికి నడుచుకుంటూ పోవాలి. చప్పట్లుండవు. టీవీ కెమెరా అటువైపు తిరగనే తిరగదు.

ఉరాబె కొత్తలో రెండు నెలలపాటు శ్రద్ధగానే పరుగెత్తాడు. ఒక్క బంతీ రాలేదు. ఇక విసుగెత్తి, శిక్షకుడు చూస్తుంటే నాలుగడుగులు వేసేవాడు, చూడకపోతే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు.

మైదానంలో గడ్డిని చూసుకునే సెకినె అనే ముసలాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గడ్డితో ఆయనకి తప్ప ఆ ఊళ్ళో ఇంకెవరికీ సంబంధం లేనట్టు మాట్లాడేవాడు. ఒకరోజు మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీస్తూ ఉరాబెని పిలిచాడు.

"అబ్బాయ్, ఇటు రా. ఇక్కణ్ణించి మొదటి బేస్ వెనక దాకా చూడు. నీకంటే ముందు ఇక్కడ ఆడినాయన ఉన్నన్నాళ్ళూ ఈ దారిలో ఒక్క పరక మొలిచేది కాదు. ఆయన బూట్ల మేకులకి నేలంతా గీత పడిపోయేది. ఏడాదికి రెండుసార్లు కొత్త గడ్డి పరిచి పరిచి నా నడుం విరిగేది. నువ్వొచ్చాక చూడు, ఎంత ఏపుగా పెరిగిందో!"

"మంచిదేగా సెకినె గారూ, మీకు పని తప్పింది" అన్నాడు ఉరాబె.

"తప్పింది నాయనా, తప్పింది. నీ పుణ్యమే" అన్నాడు ముసలాయన.

ఉరాబె దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు. ఆ సాయంత్రం తోటివాళ్ళకి చెప్పుకుని నవ్వాడు కూడా.

అదే జట్టులో కురమోచి అనే పిచర్ ఉండేవాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు, మాట తక్కువ మనిషి. ఉరాబె వచ్చిన మొదటి ఏడు బ్యాటుకి బంతి తగలక, రెండో జట్టుకి పంపించేస్తారన్న మాట పుట్టినప్పుడు, మేనేజరు గదికి వెళ్ళి "ఆ కుర్రాడికి ఇంకొక్క నెల ఇవ్వండి, వాడి పూచీ నాది" అన్నది కురమోచే. ఆ నెలలోనే ఉరాబె దశ తిరిగింది. ఉరాబెకి గర్వం ఎక్కువే గానీ విశ్వాసం లేనివాడు కాదు. కురమోచి కోసం ప్రాణమైనా ఇస్తానని అందరితో అనేవాడు. అనడం వరకు నిజంగానే అనేవాడు.

కురమోచి తన ఆటజీవితంలో నూట తొంభై తొమ్మిది ఆటలు గెలిపించాడు. ఆ దేశంలో రెండువందలు గెలిపించిన పిచర్ పేరు బతికున్నంతకాలం గౌరవంగా తలుచుకుంటారు. ఇంకొక్కటి కావాలి. కానీ భుజం అరిగిపోయింది. ఈ ఏడాదితో ఆపేస్తానని చెప్పేశాడు. వర్షాలకి కొన్ని ఆటలు పోయి, చివరికి ఆయన చేతికి ఒకే ఒక్క ఆట మిగిలింది. అదే ఆ ఏటికి ఆఖరి ఆట.

ఆ రోజు ఊళ్ళో చేపల అంగళ్ళు కూడా మధ్యాహ్నానికే మూసేశారు. అందరూ మైదానానికే వచ్చారు. సముద్రం మీంచి సన్నటి తుంపర పడుతూ ఉంది. కురమోచి తన భుజానికి ఉన్న చివరి సత్తువంతా పెట్టి విసిరాడు. ఆట మధ్యలో ఉరాబె గోడ మీదికి ఎగిరి ఒక బంతి పట్టి, పోవాల్సిన రెండు పరుగులు ఆపాడు కూడా. కురమోచి దూరం నుంచే టోపీ తీశాడు. ఉరాబె గుండె ఉప్పొంగింది.

ఎదుటివాళ్ళ ఆఖరి వంతు వచ్చింది. నీలికొంగలవి మూడు పరుగులు, ఎదుటివాళ్ళవి రెండు. ఎదుటివాళ్ళలో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది, కురమోచికి రెండువందలు నిండుతాయి. అయితే ఎదుటివాళ్ళు మొదటి బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు కాచుకుని ఉన్నారు. వాళ్ళిద్దరూ చుట్టి వచ్చారంటే ఆట తిరగబడుతుంది.

కురమోచి విసిరాడు. బ్యాటుకి బంతి సరిగ్గా తగల్లేదు. నేలబారుగా దొర్లుకుంటూ తిన్నగా మికామి అనే ఫీల్డరు దగ్గరికి వెళ్ళింది. మికామి అంటే జట్టు మొత్తంలోకీ నమ్మకమైన చెయ్యి. అలాంటి బంతి అతనికి కళ్ళు మూసుకుని ఆడేంత తేలిక.

ఉరాబె అది చూశాడు. ఇంకేముంది, గెలిచేశాం అనుకున్నాడు. గోడవైపు తిరిగి, టోపీ తీసి రెండు చేతులూ పైకెత్తాడు. బాకాలు ఒక్కసారిగా మోగాయి.

తుంపరకి మికామి వేళ్ళు తడిశాయి. అతను విసిరిన బంతి మొదటి బేస్ దగ్గరున్నవాడి చేతికి జానెడు పైనుంచి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే వికెట్ కీపర్ లాంటి క్యాచర్ కూడా అటు పరుగెత్తేవాడే. కానీ రెండో బేస్ నుంచి ఒకడు దూసుకొస్తుంటే అతను తన చోటు వదలడానికి లేదు. ఆ క్షణాన మొదటి బేస్ వెనక ఉండాల్సినవాడు ఒక్క ఉరాబె.

బాకాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. జనం ముఖాలు మారిపోవడం చూసి ఉరాబె వెనక్కి తిరిగాడు. ఏపుగా పెరిగిన ఆ గడ్డి మీద నుంచి బంతి తీరిగ్గా దొర్లుకుంటూ మూల గోడ దాకా పోతోంది. అతను పరుగెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. బంతి అందుకుని విసిరేసరికి ఇద్దరూ చుట్టి వచ్చేశారు.

తరవాత తమ ఆఖరి వంతులో ఒక్క పరుగూ రాక, నీలికొంగలు నాలుగు మూడుతో ఓడిపోయారు. కురమోచి ఎవరివైపూ చూడలేదు. హద్దు గీత దాటేముందు మైదానంవైపు తిరిగి వంగి నమస్కారం పెట్టాడు. పెట్టి చాలాసేపు లేవలేదు.

మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు: "మికామి చేజార్చిన రెండువందలు." ఉరాబె ఆ వార్త మూడుసార్లు చదివాడు. తన పేరు ఉంది, గోడ మీదికి ఎగిరి పట్టిన క్యాచ్ దగ్గర. ఫోటో కూడా వేశారు. చివరి బంతి దగ్గర అతని ఊసే లేదు. లెక్క రాసేవాళ్ళ పుస్తకంలో కూడా తప్పు మికామిదనే పడింది, ఎందుకంటే చేసిన తప్పు రాయడానికి గడి ఉంటుంది గానీ పరుగెత్తని పరుగు రాయడానికి గడి లేదు.

ముందు అతనికి హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యకి వెంటనే సిగ్గేసింది. పేపరు మడిచి అవతల పెట్టి మైదానానికి వెళ్ళాడు.

సెకినె ఒక్కడే ఉన్నాడు. బకెట్టులో మట్టి పెట్టుకుని గుంటలు పూడుస్తున్నాడు. ఉరాబె నిలబడే చోట రెండు పాదాలంత మేర గడ్డి పోయి బోసిగా ఉంది. ముసలాయన దాంట్లో మట్టి పోసి అరచేత్తో తట్టాడు. తరవాత లేచి, మొదటి బేస్ వెనక దాకా నడిచి చూసి తిరిగొచ్చాడు.

"అక్కడ నాకు పనేమీ లేదు నాయనా" అన్నాడు. "నీ పుణ్యమే."

ఆ మాట ఇంతకుముందు కూడా విన్నాడు ఉరాబె. ఈసారి మాత్రం అతనికి నవ్వు రాలేదు. ఆ పచ్చటి గడ్డిని చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడా ఒక్క మేకు గుర్తు లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పది రోజుల తరవాత కురమోచికి జట్టు వీడ్కోలు విందు ఇచ్చింది. చాపలు పరిచిన హాల్లో అందరూ వరసగా కూర్చున్నారు. ఇంకా వడ్డన మొదలవలేదు. మికామి లేచి వచ్చి కురమోచి ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకి తగిలేలా వంగాడు.

"ఇరవై ఏళ్ళ మీ కష్టాన్ని నా చెయ్యి పాడుచేసింది. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు" అన్నాడు.

ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఉరాబెకి బాగా తెలుసు. నోరు విప్పితే ఆ బాకాలు మళ్ళీ తన కోసం మోగుతాయో లేదో తెలియదు. అయినా మికామి అలా నేలకి వంగి ఉంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. లేచి వెళ్ళి అతని పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మికామి గారి విసురు జానెడే తప్పింది" అన్నాడు. "నేను నా చోట ఉండి ఉంటే అది తప్పే అయ్యేది కాదు. నేను వెళ్ళలేదు. గోడవైపు తిరిగి టోపీ ఊపుతున్నాను. ఆ రోజొక్కటే కాదు, రెండేళ్ళుగా నేను అటు పరుగెత్తడమే మానేశాను."

కురమోచి ముందు మికామి భుజం పట్టుకుని లేవనెత్తాడు. ఆ తరవాత ఉరాబె వైపు తిరిగాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "బంతి చెయ్యి దాటగానే నేను ముందు చూసింది నీ కోసమే. నీ వీపు కనిపించింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. పది రోజులు పట్టింది." అన్నాడు కురమోచి. "నిన్ను క్షమించేశానని ఇవాళ అనలేను, ఉరాబె. అంటే అబద్ధమవుతుంది. ఆ నూట తొంభై తొమ్మిది ఇక మారదు. తలుచుకుంటే కడుపు మండిపోతోంది. కానీ నువ్వింకా ఆడతావు కదా. చూస్తాను."

"టీవీలో అది చూపించరండీ" అన్నాడు ఉరాబె.

"అందుకే టిక్కెట్టు కొనుక్కుని వస్తాను" అన్నాడు కురమోచి.

ఉరాబె విలేకరులని పిలిచి అదే మాట వాళ్ళకీ చెప్పాడు. పేపర్లో చిన్నదిగా వేశారు గానీ ఊరంతా చదివింది. మరుసటి ఏడు ఆటలు మొదలైనప్పుడు అతని పాటకి బాకాలు సగమే మోగాయి. కొందరు వెక్కిరించారు కూడా. ఉరాబెకి బాధేసింది. మొదటి బంతి లోపలి ఫీల్డరు చేతికి వెళ్ళింది. ఉరాబె మొదటి బేస్ వెనక్కి పరుగెత్తాడు. బంతి రాలేదు. తిరిగొస్తూ మొదటి బేస్ పక్కనున్న వరసల్లోకి చూశాడు. పాత టోపీ ఒకటి పెట్టుకుని కురమోచి కూర్చుని ఉన్నాడు.

అలా పదకొండేళ్ళు పరుగెత్తాడు. ఎండలో పరుగెత్తాడు, తుంపరలో పరుగెత్తాడు. పది పరుగుల తేడాతో ఓడిపోతున్న ఆటల్లో కూడా పరుగెత్తాడు. తోటివాళ్ళు "నీకేమైనా పట్టిందా?" అని ఏడిపించేవారు. ఆ పదకొండేళ్ళలో నిజంగా బంతి వచ్చింది తొమ్మిదిసార్లు. ఒకసారి మికామి విసురే మళ్ళీ గురితప్పింది. ఉరాబె దాన్ని ఆపి, తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇంకా వంకరగానే విసురుతున్నారే?" అన్నాడు.

"నువ్వు ఉన్నావో లేదో చూద్దామని" అన్నాడు మికామి. ఇద్దరూ నవ్వుకున్నారు.

సెకినె మాత్రం రోజూ సణిగేవాడు. "నీ మేకుల బూట్లు తగలెయ్యా! ఈ ఏడు మూడుసార్లు గడ్డి పరిచాను. ఒక్కటీ బతకలేదు" అనేవాడు. సణుగుతూనే ఉరాబెకి వేడి టీ పోసేవాడు.

ముప్ఫై ఆరో ఏట ఉరాబె మోకాలు ఇక ఒప్పుకోలేదు. ఆఖరి ఆట ఆడాడు. ఆ రోజు కూడా పద్నాలుగుసార్లు మొదటి బేస్ వెనక్కి కుంటుకుంటూ పరుగెత్తాడు. ఒక్క బంతీ రాలేదు. ఆట అయ్యాక జనం అతని పాట పాడారు, పూలు ఇచ్చారు. ఉరాబె గోడవైపు తిరిగి టోపీ తీశాడు. ఆట నిజంగా అయిపోయాకనే తీశాడు.

అందరూ వెళ్ళిపోయాక మైదానంలో ఉరాబెతో పాటు సెకినె మిగిలాడు. ఇప్పుడాయన ఇంకా ముసలివాడైపోయాడు. ఆయన పక్కన కురమోచి నిలబడి ఉన్నాడు.

"చూపించండి" అన్నాడు కురమోచి.

సెకినె తన చేతికర్రతో చూపించాడు. ఉరాబె నిలబడే చోటు నుంచి మొదటి బేస్ వెనక దాకా, పచ్చటి మైదానం మధ్యలో ఎర్రమట్టి గీత ఒకటి తిన్నగా కనిపించింది. మనిషి నడిచేంత వెడల్పు. "పదకొండేళ్ళు, ఒక్క పరక మొలిస్తే ఒట్టు" అన్నాడు ముసలాయన. అని ముక్కు చీదుకున్నాడు.

కురమోచి బూట్లు విప్పాడు. మేజోళ్ళతో ఆ గీత మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లిగా నడిచాడు. చివర ఆగి, టోపీ తీసి, ఆ మట్టికి వంగి నమస్కారం పెట్టాడు. తరవాత ఉరాబె వైపు తిరిగాడు.

"ఆ రోజు విందులో ఒక మాట అనలేకపోయాను" అన్నాడు. "ఇప్పుడు అంటున్నాను. నిన్ను క్షమించాను, ఉరాబె."

ముప్ఫై ఆరేళ్ళ ఆ మనిషి, వేలమంది ముందు నవ్వుతూ చెయ్యి ఊపినవాడు, గడ్డి మొలవని ఆ గీత మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు చూడ్డానికి అక్కడ జనం ఎవరూ లేరు.

మన అవసరం ఏ రోజు పడుతుందో మనకు ముందుగా తెలియదు. అందుకని ఎవరు చూసినా చూడకపోయినా మన వంతు పని ప్రతిసారీ చెయ్యాలి, ఒకసారి చెయ్యకపోతే ఆ తప్పు ఒప్పుకుని మర్నాటి నుంచైనా మొదలుపెట్టాలి.